మేనేజరు చెప్పిన ఒక్క నిజం

మేనేజరు మేనేజరు కాడు. ఆ సంగతి లాండ్రీలో తడిబట్టలు మోసే చక్రాల తొట్లకి కూడా తెలుసు. ఆయనగారు చేసేది ఇస్త్రీ పని. అదైనా మనమెరిగిన ఇస్త్రీ కాదు. హోటళ్ల నుంచీ ఆస్పత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లు ఉతికి పిండేశాక, గది పొడవునా కొండచిలువలాగా పడుకున్న ఇనపరోలరు ఒకటి వాటి కోసం నోరు తెరుచుకుని ఉంటుంది. దాని కడుపులో ఎప్పుడూ ఆవిరి కాగుతుంటుంది. ఇటు చివర ఒకడు, అటు చివర ఒకడు నిలబడి దుప్పటి అంచు ముడత లేకుండా లాగి దాని నోటికి అందించాలి. అది మింగి, అవతల పక్క తెల్లగా కక్కుతుంది. పొద్దస్తమానం దానికి మేత పెట్టడమే ఉద్యోగం. ఏమరుపాటున చెయ్యి కాస్త ముందుకి పోయిందంటే మోచేతి కింద చురుక్కుమని ఒక వాత పడుతుంది. అలాంటి వాతలు మేనేజరు రెండు చేతుల మీదా నిచ్చెనమెట్లలాగా వరసగా ఉన్నాయి.

మరి మేనేజరన్న పేరు ఎలా వచ్చిందంటారా? సంబంధం మాట్లాడుకునే రోజుల్లో కాబోయే బావమరిది ఫోన్లో, "బావగారూ, అక్కడ తమరు చేసే ఉద్యోగం ఏమిటో?" అని మర్యాదగా అడిగాడు. ఈయన ఇస్త్రీ అందామనే నోరు తెరిచాడు. ఆ మాట గొంతుదాకా వచ్చి, బయట చలిగా ఉందన్నట్టు వెనక్కి తిరిగిపోయింది. దాని బదులు 'మేనేజరు' అనే మాట చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మరీ బయటికి వచ్చింది. పక్కమంచం మీద దుప్పటి ముసుగేసుకుని చెవులు మాత్రం బయటపెట్టిన వ్యాను డ్రైవరు అది విన్నాడు. ఇంకేముంది? తెల్లారేసరికి లాండ్రీ అంతా, "మేనేజరుగారూ, తమరు దయచేసి ఆ మూట దింపిస్తారా" అనడం మొదలెట్టింది. అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

ఆ వ్యాను డ్రైవరుకీ ఒక పేరుంది, ప్లీడరు. ఆ పరాయిదేశంలో మనవాళ్లకి ఏ పర్మిట్టు కావాలన్నా అర్జీ నింపిపెట్టేది అతనే. కోర్టు గుమ్మం ఎక్కినవాడు కాదు గానీ, ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ఎలాంటి మొహం పెట్టుకుని నిలబడాలో అతనికి తెలిసినంతగా నల్లకోటు వాళ్లకి కూడా తెలియదు.

అబద్ధాలాడాడని మేనేజరుని తీసిపారేయకండి. అబద్ధం అవతలివాడి జేబులోంచి ఏదో ఒకటి లాగుతుంది. ఈయనవి ఉత్త కోతలు. తన జేబులో లేనిది తీసి అవతలివాడి చేతిలో పెట్టేవాడు. పెళ్లయి, ఆవిడ పుట్టింట్లోనే ఉన్న రోజుల్లో ఫోన్లో అలాంటివి ఎన్ని కోశాడో లెక్కలేదు. తమ లాండ్రీలో ఉతికిన దుప్పట్లు ఒకసారి డాబా మీద ఆరేస్తే, వెన్నెల వచ్చిందనుకుని ఊళ్లో కుక్కలన్నీ పట్టపగలు మొరిగాయన్నాడు. ఓనరు తనని అడగకుండా సంతకం పెట్టడనీ, ఒకసారి తను జ్వరంతో పడుకుంటే ఓనరు మూడురోజులు కలం మూత కూడా తియ్యలేదనీ అన్నాడు. తెల్లకారు పక్కన నిలబడి ఫోటో పంపాడు. కారు ఓనరుది. అద్దంలో కనబడుతున్న నీడ ప్లీడరుది, ఫోటో తీస్తూ నవ్వుతున్నాడు.

ఆవిడ చివరికి చుట్టపుచూపు పర్మిట్టు మీద వచ్చింది. వచ్చిన ఇల్లు ఒక్క గది, దాని మూలనే పొయ్యి, మంచం మీద కూర్చుని కూర కలపొచ్చు. గుమ్మంలో నిలబడి ఆవిడ నాలుగు గోడలూ చూసింది. మేనేజరు గబగబా, కంపెనీవాళ్లు పెద్ద బంగళాయే ఇస్తామన్నారనీ, అంత ఇల్లు ఊడవలేక మా ఆవిడ నడుం పడిపోతుందని తనే వద్దన్నాడనీ చెప్పాడు.

"మంచిపని చేశారు" అంది ఆవిడ, చెప్పులు విడుస్తూ.

చేతుల మీద వాతలు చూసి అడిగింది. దానికీ సిద్ధంగా ఉంది కథ. బాయిలరు పేలబోతుంటే కూలీలంతా గోడలు దూకి పారిపోయారట. తనొక్కడే లోపలికెళ్లి కాలుతున్న చక్రం తిప్పి ఆవిరి ఆపాడట. లేకపోతే లాండ్రీ కాదు, ఊరే పిండేసిన గుడ్డలాగా అయ్యేదట. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని, "తర్వాత?" అంది. ఆ ఒక్క మాటకి మేనేజరు మూడు ఊళ్లు కాపాడేవాడు. జన్మలో ఆయనకి అలాంటి శ్రోత దొరకలేదు. కథ అయిపోయాక ఆవిడ వెన్న తెచ్చి వాతలకి రాసేది.

ఏళ్ల తరబడి ఒంటిగా, గోడ వైపు చూస్తూ తిన్న మనిషి. ఇప్పుడు ఇంటికొస్తే దీపం వెలిగి ఉంటోంది, కంచం పెట్టి ఉంటోంది, తర్వాత అనేవాళ్లున్నారు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు కూడా. ఇవన్నీ ఇలాగే ఉండిపోతే చాలనుకున్నాడు.

ఒకరోజు అన్నం క్యారియరు మర్చిపోయి పనికెళ్లాడు. మధ్యాహ్నం గేటు కాపలావాడు దాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. మేనేజరుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ లోపలికి వచ్చి చూసి ఉంటే? సాయంత్రం పిల్లిలాగా ఇంటికి వెళ్లి, ఎక్కడిదాకా వచ్చావని నసుగుతూ అడిగాడు. గేటు దగ్గరే ఇచ్చేశానంది. అంత పెద్ద లాండ్రీలో మేనేజరుగారి గది ఎక్కడని వెతకను అని కూడా అంది. మేనేజరు ఊపిరి పీల్చుకుని, ఆ పూట గది వర్ణన ఒక గంట చేశాడు.

చుట్టపుచూపు పర్మిట్టు గడువు దగ్గర పడింది. మొగుడి దగ్గరే ఉండిపోవాలంటే ఆవిడ కాపురం పర్మిట్టుకి అర్జీ పెట్టుకోవాలి. వస్తే ఇక్కడే ఉండొచ్చు. రాకపోతే గడువు లోపల మూట కట్టుకోవాలి. ప్లీడరు అర్జీ నింపాడు. ఆవిడకి ఆ దేశపు అక్షరం ముక్క రాదు గనక, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

కానీ ఆ దేశంలో దొంగపెళ్లిళ్లు ఎక్కువైపోయాయట. పర్మిట్టు కోసం ఎవరో ఒకరి పక్కన నిలబడి దండ వేయించుకోవడం, కాగితం రాగానే ఎవరి దారిన వాళ్లు పోవడం. అందుకని ఆఫీసువాళ్లు మొగుణ్ణీ పెళ్లాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఇద్దరి జవాబులూ ఒకటైతే కాపురం, కాకపోతే నాటకం. ఆ వారమే ప్లీడరు ఒక జంటకి పాఠం చెప్పి పంపాడు. గోడలకి రంగులేసే అతను, ఆయాపని చేసే అమ్మాయి. పళ్లపొడి డబ్బా నుంచి పక్కలో దిండు దాకా బట్టీ పట్టించాడు. ఒక్క తప్పు లేకుండా నెగ్గి వచ్చారు. ఆఫీసు మెట్లు దిగాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు.

"మీకు నా పాఠం అక్కర్లేదు" అన్నాడు ప్లీడరు వీళ్లతో. "మీది నిజం కాపురం. ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. చెల్లెమ్మా, నువ్వు కూడాను." తర్వాత మేనేజరుని వాకిట్లోకి లాక్కెళ్లి, ఉద్యోగం దగ్గర మాత్రం కోతలు కోయొద్దనీ, లాండ్రీ ఇచ్చిన కాగితంలో ఇస్త్రీ అనే ఉందనీ, ముందు వెళ్లి ఇంట్లో ఒప్పుకోమనీ చెవిలో వేశాడు.

ఆ సాయంత్రం ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. మేనేజరు మంచం చివర కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. దుప్పటి అంచులాగా మాటకి అంచు దొరకడం లేదు. చివరికి, లాండ్రీలో తన పని గురించి ఒక సంగతి చెప్పాలని మొదలెట్టాడు.

"నాకు తెలుసు లెండి" అంది ఆవిడ దారం కొరుకుతూ. "చొక్కా తొడుక్కుని చూసుకోండి."

మళ్లీ కోత మొదలెట్టాననుకుని విసుక్కుందేమో అనుకున్నాడు. ఆడవాళ్లని ఉద్యోగం గురించి ఏం అడుగుతారులే, కూరానారా గురించి అడుగుతారు గానీ, అని తనకి తనే ఒక కోత కోసుకున్నాడు. చొక్కా సరిపోయింది.

మర్నాడు ఆఫీసు వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా ఉన్నాయి. మొదట ఆవిణ్ణి పిలిచారు. లోపల ఒక ఆఫీసరమ్మ, ఆమె పక్కన దుబాసీ. దుబాసీ మనవాడే, మన మాటే మాట్లాడతాడు. మనవాడు కనబడ్డాడన్న సంబరంలో ఆవిడ గుమ్మంలోనే, "ఏ ఊరు బాబూ మీది?" అంది. స్వవిషయాలు మాట్లాడడానికి తనకి అనుమతి లేదని అతను చక్కటి తెలుగులో చెప్పాడు. తలుపు మూసుకుంది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. మాట్లాడుకోకూడదని బంట్రోతు ముందే చెప్పాడు గనక, ఎదుటి బెంచీ మీద కూర్చుని, అంతా బాగా చెప్పానన్నట్టు కళ్లతోనే సైగ చేసింది. మేనేజరు గుండె గూటికి చేరింది.

తన వంతు వచ్చింది. పళ్లపొడి రంగు అడిగారు, చెప్పాడు. మంచానికి గోడవైపు ఎవరు పడుకుంటారన్నారు, చెప్పాడు. అన్నం ఎవరు వండుతారు, ఆవిడకి ఏ కూర పడదు, అత్తగారికి ఏ కన్ను సరిగా కనబడదు, అన్నీ చెప్పాడు. ఆఫీసరమ్మ ఒక్కొక్కదానికీ పక్కన చిన్న గీత పెట్టుకుంటోంది. తర్వాత అడిగింది, మీరేం పని చేస్తారని.

నోట్లో మేనేజరు అన్న మాట మళ్లీ గుండీలు పెట్టుకుంటోంది. ఆయన దాన్ని పట్టి వెనక్కి నెట్టాడు. పెళ్లాం కోసం, వెలిగే దీపం కోసం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇస్త్రీ చేస్తానండీ. రోలరుకి దుప్పట్లు అందిస్తాను. నా చేతికింద ఎవరూ లేరు."

దుబాసీ తర్జుమా చెయ్యడానికి ముందు ఒక్క క్షణం ఆగాడు. రెప్ప వాల్చి ఎత్తాడంతే. మేనేజరుకి అది అప్పుడు అర్థం కాలేదు. ఆఫీసరమ్మ గీత పెట్టలేదు. కాగితాలు వెనక్కి తిప్పి చూసుకుని, ఆవిణ్ణి కూడా లోపలికి పిలవమంది.

పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆఫీసరమ్మ చదువుతుంటే దుబాసీ గొంతులో ఏ రంగూ లేకుండా చెప్పుకుపోయాడు. భర్త పెద్ద లాండ్రీకి మేనేజరని శ్రీమతిగారు చెప్పారు. ఓనరు ఆయన్ని అడగకుండా సంతకం చెయ్యరని చెప్పారు. తెల్లకారు ఉందని చెప్పారు. చేతుల మీద మచ్చలు బాయిలరు ప్రమాదం నుంచి కూలీలని కాపాడినప్పటివని చెప్పారు. దుప్పట్ల విషయంలో కుక్కల ప్రస్తావన కూడా ఉంది.

ఎన్నోసార్లు మురిపెంగా చెప్పుకున్న కథలవి. ఆ గదిలో, ఆ గొంతులో వింటుంటే మేనేజరుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రోలరు వాత కూడా అంత కాలదు.

"ఈయన ఇస్త్రీ చేస్తానంటున్నారు. అసలు ఈయన ఏం చేస్తారో మీకు తెలుసా?" అని అడిగించింది ఆఫీసరమ్మ.

ఆవిడ మొగుడి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో మేనేజరు అందుకోలేకపోయాడు. ఒప్పుకోమన్నట్టు తల ఊపాడు. ఊపడంలో గడ్డం వణికింది. ఆవిడ దాన్ని ఇంకోలా తీసుకుంది.

"ఆయనకి గొప్పలు చెప్పుకోవడం చేతకాదండీ" అంది ఆఫీసరమ్మతో. "మొదట్నించీ అంతే."

దుబాసీ దాన్ని కూడా ఉన్నదున్నట్టు తర్జుమా చేశాడు.

ఇక ఆగలేక మేనేజరు, అబద్ధం ఆవిడది కాదనీ, ఆ కోతలన్నీ తనే కోశాననీ, ఆవిడ విన్నదే చెప్పిందనీ చేతులు జోడించాడు. ఆఫీసరమ్మ కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. ఒకే గదిలో, ఒకే మంచం మీద కాపురం చేస్తున్నామంటున్నారు కదా, రోజూ ఒంటిమీద కొత్త వాతతో ఇంటికొచ్చే మనిషి ఏం పని చేస్తాడో భార్యకి తెలియలేదంటే తనని ఎలా నమ్మమంటారని నెమ్మదిగా అడిగించింది. ఆవిడ ఏదో అనబోయింది. దుబాసీ ఆమె వైపు వంగాడు కూడా. ఆవిడ మళ్లీ మొగుడి మొహం చూసి నోరు మూసేసుకుంది. ఆఫీసరమ్మ కలానికి మూత పెట్టింది. జవాబు టపాలో వస్తుందన్నారు గానీ, ఆ మూత చప్పుడులోనే వచ్చేసింది.

ఆఫీసు ఎదురుగా బస్సు ఆగే చోట సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు ఇద్దరూ. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఎవరూ లేవలేదు.

"ఏమే, ఆ బాయిలరు కథ ఎందుకు చెప్పావు?" అన్నాడు మేనేజరు.

"మీరు చెప్పిందేగా."

"నమ్మావా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "క్యారియరు తెచ్చిన రోజునే చూశాను. గేటు పక్కన కిటికీ తీసి ఉంది. ఎవడో మీసం రాని మనిషి మీ మీద అరుస్తున్నాడు. మీరు తల దించుకుని దుప్పటి అంచు వెతుక్కుంటున్నారు. నన్ను చూస్తే మీ మొహం ఎలా అయిపోతుందోనని, కాపలావాడి చేతికిచ్చి వచ్చేశాను."

మేనేజరుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం గంటసేపు తన గది వర్ణించాడే, బల్ల మీద అద్దం, తిరిగే కుర్చీ. ఈవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా వింది. తర్వాత అని కూడా అంది.

"తెలిసి కూడా లోపల అలా ఎందుకు చెప్పావే మరి?"

"అవతల మీరు మేనేజరుననే చెబుతారనుకున్నాను. నేను ఇస్త్రీ అంటే మీరు దొరికిపోరూ? ఎవరో పరాయిమనిషి ముందు మిమ్మల్ని నా నోటితో కింద పడెయ్యమంటారా?"

"ఉన్నదున్నట్టు చెప్పమని ప్లీడరు చెప్పాడు కదే, ఇద్దరికీ."

"చెప్పాడు. మీరు వింటారని నేనెలా అనుకుంటాను? ఏనాడు చెప్పారని ఈనాడు చెబుతారు?"

నిన్న చెప్పబోయానే, తెలుసులెండి అన్నావు కదా, అని గొణిగాడు.

"తెలుసు గనకే అన్నాను. మీరు నోరు తెరిచి ఆ మాట చెప్పుకోవడం ఎందుకులే, వినలేనులే అని."

మూడో బస్సు ఎక్కారు.

టపాలో కాగితం వచ్చింది. ప్లీడరు చదివి, రెండోసారి చదివి, మడతపెట్టి ఇచ్చాడు. దంపతులన్న నమ్మకం కలగలేదని రాశారట. పై ఆఫీసుకి అర్జీ పెట్టొచ్చా అని మేనేజరు అడిగితే, పెట్టొచ్చు గానీ ఆవిడ అబద్ధమాడిందని కాగితాల్లో ఉన్నాక అక్కడ గోడకి చెప్పుకున్నట్టే అన్నాడు. తను పాఠం చెప్పి పంపిన జంట నెగ్గింది, పాఠం అక్కర్లేదన్న జంట ఓడింది. ఆ వేళ ప్లీడరు ఎవరి మీదా జోకు వెయ్యలేదు. మేనేజరుని అసలు పేరు పెట్టి పిలిచాడు. అది ఇంకా ఘోరంగా ఉంది.

గడువు ముందురోజు సాయంత్రం ఆవిడ పెట్టె సర్దుకుంటోంది. చీరలు అడుగున పెట్టి, పైన ఆయన చొక్కాలు రెండు పెట్టుకుంది. ఎందుకని ఆయన అడగలేదు. ఫోను మోగింది. బావమరిది. చెల్లెలు వస్తోందని ఎవరో చెప్పగా విన్నాడు, వివరం కావాలి. ఆవిడ ఫోను మీద అరచెయ్యి మూసి మొగుడి వైపు తిరిగింది.

"అన్నయ్యకి ఏం చెప్పమంటారు? ఒకటి అల్లండి. మీకు అలవాటేగా."

మేనేజరు నోరు తెరిచాడు. బాయిలర్లు ఆపిన నోరు, పట్టపగలు వెన్నెల కాయించిన నోరు. ఒక్క ముక్క రాలేదు. దుప్పటి అంచు అందక రోలరు ఖాళీగా తిరిగినట్టు నాలుక తిరిగింది. ఆవిడ కాసేపు చూసి, అరచెయ్యి తీసేసింది.

"అదేం లేదన్నయ్యా" అంది నవ్వుతూ. ఇంకో ఊళ్లో కొత్తగా పెట్టే లాండ్రీకి ఈయన్నే పెద్దని చేశారంది. క్వార్టర్సు కట్టడం పూర్తవలేదంది. అందాకా పుట్టింట్లో ఉండమని ఓనరే స్వయంగా ఇంటికొచ్చి బతిమాలాడంది. "అమ్మా, మీరు పక్కనుంటే మా మేనేజరుకి పని మీద ధ్యాస ఉండటం లేదమ్మా, అన్నాడన్నయ్యా. ఈ గుమ్మంలోనే నిలబడి. టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీను."

అవతల బావమరిది పడీపడీ నవ్వడం గదంతా వినబడింది. మేనేజరు మంచం చివర కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తున్నాడు. టోపీ చేత్తో పట్టుకున్న ఓనరు అక్కడ కనబడుతున్నట్టే ఉంది. ఆవిడ ఫోను పెట్టేసింది.

"తర్వాత?" అన్నాడు మేనేజరు.

ఆవిడ పెట్టె మూత మీద మోకాలు ఆనించి నొక్కింది. తాళం పడలేదు.

"తర్వాతేముంది" అంది. "ఇటొచ్చి ఒక చెయ్యి వెయ్యండి."